పెరట్లో పాతిక చుట్లు

2004 మే 8, శనివారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. వరండా స్తంభానికి నేను బిగించుకున్న ఉష్ణమాపకం ముప్పై ఆరు డిగ్రీలు చూపుతోంది. గాలి బొత్తిగా లేదు. పెరట్లోని ఆరు కొబ్బరిచెట్లలో దేని ఆకూ కదలడం లేదు. సరిగ్గా ఆ సమయానికి మా ఆవిడ వాడపల్లి స్వామి దర్శనానికి రావులపాలెం బస్సు ఎక్కింది. బస్సు మలుపు తిరిగిందని నిర్ధారించుకున్న తరవాత నేను పెరట్లోకి వెళ్ళాను. ఆనపపాదులకు గోతులు తీయడానికి ఆవిడ ముందురోజే ఒక మనిషిని మాట్లాడి ఉంచింది. ఆ మనిషి చేతనే, రేడియోతో నడిచే బొమ్మకార్లకు పందెపు బాట తవ్వించడం మొదలుపెట్టాను.

ఈ సంఘటనను మా బంధువులు నాలుగైదు రకాలుగా చెప్పుకుంటారు. ఒకరి కథలో నేను పెరడంతా తవ్వేశాను. మరొకరి కథలో ఇంటి పునాది కూడా కదిలింది. వీరిలో ఎవరి దగ్గరా కొలతలు లేవు. నా దగ్గర ఉన్నాయి కనుక నేను రాస్తున్నాను.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు నక్షాలు గీశాను. 1967లో చేరి 2001లో విరమించాను. ఆ కాలంలో కోనసీమలో నేను గీయని కాలువ వంపు గాని, లెక్క కట్టని గట్టు వాలు గాని తక్కువ. నా నక్షాలలో సగం బీరువాల్లోనే ఉండిపోయాయి. మిగిలిన సగం ప్రకారం తవ్విన కాలువల్లో నీరు పారింది. పదవీ విరమణ సభలో శాలువా కప్పి, నా సేవలు అమూల్యమన్నారు. విలువ కట్టడం చేతకానప్పుడు మా శాఖలో వాడే మాట అది.

కారు మా ఇంటికి వచ్చింది ఆ ఏడాది ఉగాదికి. కాకినాడ నుంచి మా అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకుని వచ్చింది. కొత్తపేట దగ్గర కొబ్బరి వ్యాపారం చేసుకునే మా బావమరిది, మేనకోడలి కొడుక్కని ఒక ఎర్రకారు తెచ్చాడు. జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు. చేతిలో పట్టుకునే రిమోటు, దానికి లాగితే పొడవయ్యే తీగ. పిల్లవాడి వయసు పదకొండు నెలలు. పెట్టె మీద మాత్రం ఎనిమిదేళ్ళు పైబడినవారికి అని అచ్చు వేసి ఉంది. ఆ అర్హత ఇంట్లో నాకుంది. పిల్లవాడు కారు చక్రాన్ని నోట్లో పెట్టుకున్న వెంటనే, భద్రతా కారణాల రీత్యా దానిని నా స్వాధీనంలోకి తీసుకున్నాను. వాడు ఏడ్చాడు. వాడికి ఒక గరిటె ఇచ్చాం. వాడు తృప్తి పడ్డాడు, నేనూ పడ్డాను.

వారం తిరగకముందే బావమరిది తనకోసం ఒక నీలికారు కొనుక్కుని వచ్చాడు. ఇద్దరం వీధి అరుగు మీద పందెం వేశాం. నేను రిమోటు నొక్కితే రెండు కార్లూ కదిలాయి. అతను నొక్కినా రెండూ కదిలాయి. ఒకరు ముందుకు, ఒకరు వెనక్కు నొక్కితే రెండూ అరుగు అంచున ఆగి వణికాయి.

"బావగారూ, మీ కారు నా మాట వింటోందండి," అన్నాడు బావమరిది.

"నీదీ నా మాట వింటోంది."

"అయితే ఇంక మనిద్దరికీ రెండెందుకండి?"

పక్కింటి మాస్టారు ప్రహరీ మీదుగా అంతా చూస్తున్నారు. ఆయన మిషన్ బడిలో ప్రధానోపాధ్యాయులుగా చేసి నాకంటే ఏడాది ముందు విరమించారు. ఏ విషయంలోనూ తొందరపడి మాట్లాడరు. ఆ రోజు మాత్రం గోడ దిగి వచ్చి, పెట్టెలు రెండూ తిరగేసి అడుగున చూశారు.

"రేడియో అంకె రెంటి మీదా ఇరవై ఏడనే ఉందండి. ఇద్దరు పిల్లలకి ఒకే పేరెడితే ఇలాగే ఉంటదండి. పిలిస్తే ఇద్దరూ వస్తారు," అన్నారు.

మర్నాడు ముగ్గురం రాజమండ్రి వెళ్ళాం. మెయిన్ రోడ్డులో ఒక బొమ్మల దుకాణంవాడు, నూటఎనభై ఏళ్ళ ఉమ్మడి వయసున్న ముగ్గురు మనుషులు నేల మీద చతికిలబడి పెట్టెల అడుగు చదవడం అదే మొదటిసారి చూసి ఉంటాడు. బావమరిదికి పాతదానికి బదులుగా నలభై తొమ్మిది అంకె ఉన్న నీలికారు దొరికింది. మాస్టారు తమకోసం నలభై అంకె ఉన్న పసుపుకారు తీసుకున్నారు. "స్కూల్లో పిల్లలకి బహుమతిగా ఇద్దామని," అని దుకాణంవాడితో చెప్పారు. ఆయన స్కూలు మానేసి నాలుగేళ్ళయింది.

అరుగు చాలలేదు. వీధిలో వేస్తే ఆటోలు. ఒకనాడు ఆటో వెనక చక్రానికీ నా కారుకూ మధ్య ఎడం రెండంగుళాలు కూడా లేకపోయింది. అప్పుడు నా దృష్టి పెరటి వైపు మళ్ళింది. ఆ పెరటి వైపు మా ఆవిడ దృష్టి మళ్ళి అప్పటికి ఐదేళ్ళు.

ఆవిడ సంగతి ఇక్కడ చెప్పకపోతే లెక్క సమం కాదు. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ నాతోపాటు ఎనిమిది ప్రభుత్వ క్వార్టర్లలో కాపురం చేసింది. లాకుల పక్కన, గట్ల మీద, ఒకచోట పాత గోదాములో. వెళ్ళిన ప్రతిచోటా మొదటి వారంలోనే ఆనపపాదు పెట్టేది. తీగ పందిరెక్కి పూత వేసే వేళకు నాకు బదిలీ ఉత్తర్వు వచ్చేది. ఎనిమిది చోట్ల పాదు పెట్టి, రెండు చోట్ల మాత్రమే కాయ కోసింది. మిగిలిన ఆరుచోట్లా తరవాత వచ్చినవాళ్ళు తిన్నారు. 1999లో సొంత ఇల్లు కట్టాక, ఈ పెరట్లో పాదులు పెడతానని ఆవిడ అన్నప్పుడల్లా, నేల మట్టం చూడాలి, ముందు సర్వే చేయాలి అంటూ నేను వాయిదా వేశాను. ఐదేళ్ళు వేశాను. మా శాఖలో అది పెద్ద ఆలస్యం కాదు.

ఇక నమూనా. పెరడు డెబ్భై రెండడుగుల పొడవు, నలభై ఆరడుగుల వెడల్పు. అందులో ఆరు కొబ్బరిచెట్లు: వరసకు మూడు చొప్పున రెండు వరసలు, చెట్టుకీ చెట్టుకీ పాతిక అడుగులు. కాపు మీదున్న కొబ్బరిచెట్టును కార్ల కోసం కొట్టడమన్న ఆలోచన మా ప్రాంతంలో ఎవరికీ రాదు, నాకూ రాలేదు. కనుక చెట్లను మధ్యలో ఉంచి, వాటి మొదళ్ళకు మీటరు ఎడంగా చుట్టూ బాట గీశాను. చుట్టుకొలత సరిగ్గా యాభై రెండు మీటర్లు తేలింది. వెడల్పు డెబ్భై ఐదు సెంటీమీటర్లు. లోతు పది.

"నాలుగు మలుపులేనేంటండి బావగారూ? మధ్యలో రెండు వంకరలు పెడితే మజాగా ఉంటది," అన్నాడు బావమరిది.

"వంకర ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది."

"ఇది కాలవ కాదు కదండీ."

నేను నాలుగో మలుపు గీశాను. చేతిలో పెన్సిలు ఉన్నప్పుడు నేను అనవసరమైన సంభాషణలు పెట్టుకోను.

నూతి పక్కనున్న ఈశాన్యపు మూలను ఎత్తుగా ఉంచి అక్కడ బయలుదేరే గీత పెట్టాను. అక్కడ నుంచి ఇరువైపులా రెండువందలకు ఒకటి చొప్పున వాలు ఇచ్చాను. అంటే నైరుతి మూలకు వచ్చేసరికి బాట పదమూడు సెంటీమీటర్లు పల్లం. వాన పడితే నీరు నిలవకూడదు కదా. నైరుతి మూలలో మూడంగుళాల గొట్టం ఒకటి వేసి, కంచె అవతలి బోదెలోకి దారి చూపించాను. బోదె అంటే కాలువ నుంచి పొలాలకు నీరు తీసుకువెళ్ళే పిల్లకాలువ. వేసవికి కాలువలు కట్టేశారు కనుక బోదె అప్పుడు ఎండి పగుళ్ళు విచ్చి ఉంది. దాని అడుగు నా గొట్టం కంటే ఎనిమిది సెంటీమీటర్లు దిగువన ఉంది. గొట్టానికి కొబ్బరి డొక్కను చెక్కి బిరడా చేశాను.

బావమరిదికి మరో బెంగ పట్టుకుంది. "ఈశాన్యం పల్లంగా ఉండాలండి. నైరుతి ఎత్తు ఉండాలి. మీరు తలకిందులుగా పెట్టేరు."

"గోదావరి వాస్తు చూసుకుని పారడం నా సర్వీసులో ఒక్కసారి కూడా చూడలేదు," అన్నాను.

తవ్వే మనిషి గునపం పక్కన పెట్టి నా వైపు చూశాడు. "అమ్మగారు ఆనపపాదుకి గొయ్యన్నారండి. తమరు బోదె తవ్వమంటున్నారు. నీరెక్కణ్ణుంచి వస్తదండి?"

"నీరు రాదు. కార్లు తిరుగుతాయి."

"ఆయ్," అన్నాడు. మా వైపు ఆ మాట సాధారణంగా అంగీకారానికి వాడతారు. అతను మాత్రం నన్ను వాదించి ప్రయోజనం లేని మనిషిగా జమ కట్టి ఆ మాట అన్నాడు. సాయంత్రం నాలుగున్నరకు తవ్వకం పూర్తయింది. ఐదుం పావుకి మా ఆవిడ ప్రసాదంతో దిగింది.

ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరకు వచ్చి, అక్కడే ఆగిపోయింది. బావమరిది చెట్టు చాటుకు జరిగాడు. మాస్టారికి ఇంట్లో ఏదో పని గుర్తుకొచ్చింది.

"ఏవండీ, ఇదేవిటి?"

"బాట."

"ఎక్కడికి?"

ఈ ప్రశ్నకు నమూనాలో జవాబు లేదు. "తిరిగి ఇక్కడికే," అన్నాను.

ఆవిడ గట్టు వెంట ఒక చుట్టు నడిచింది. కేకలు వేయలేదు. చుట్టు పూర్తిచేసి నా ముందు నిలబడి అంది: "క్వార్టర్లలో ఉన్నన్నాళ్ళూ బదిలీ కాయితం వచ్చేది. సరే, గవర్నమెంటు అనుకున్నాను. ఈ ఇల్లు మనదే కదండీ. ఇక్కణ్ణుంచి నన్నెవరు బదిలీ చేసేరు?"

ప్రసాదం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత రెండు రోజులు మా ఇంట్లో కూర లేదు. రెండు పూటలా ఆవకాయ, మజ్జిగ. మూడో రోజున బావమరిది మధ్యవర్తిగా వచ్చాడు. అతనికి మధ్యవర్తిత్వం కంటే భోజనం విషయంలోనే ఎక్కువ ఆందోళన ఉందని నా అభిప్రాయం.

"అక్కా, పోనీ పందెం అనుకోండి. గెలిస్తే బావగారిది, లేకపోతే మీది."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "మీ కారు ఆగకుండా ఎన్ని చుట్లు తిరుగుతుందండీ?"

నేను ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉన్నాను. చుట్టుకు ముప్పై ఐదు సెకన్లు. బ్యాటరీ పద్దెనిమిది నిమిషాలు నిలుస్తుంది. "ముప్పై," అన్నాను.

"అయితే పాతిక. మూడు కార్లలో ఏదైనా సరే, ఒక్కటి తిరిగితే చాలు. మధ్యలో ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తిరిగిందా, పెరడు మీది, నేను చచ్చినా పాదు మాటెత్తను. ఆగిందా, మర్నాడు పొద్దున్నే నా విత్తనాలు పడతాయి. లెక్క మాత్రం నేనే పెడతాను."

ముప్పైకి పాతిక. ఐదు చుట్ల వెసులుబాటు. నా సర్వీసులో ఏ కాంట్రాక్టరుకూ అంత ఉదారమైన షరతులు దొరకలేదు. ఒప్పుకున్నాను. అదే రోజు సాయంత్రం మా ఆవిడ విత్తనాల మూట దించి, ఎండబెట్టి, మళ్ళీ కట్టి దేవుడి గూట్లో పెట్టింది. ఆవిడ ఆ మూటను దేవుడి గూట్లో పెట్టడం నేను అంతకు ముందు చూడలేదు.

పందెం తేదీ కొబ్బరి దింపును బట్టి నిర్ణయించాం. ముదురుకాయలు చెట్టు మీద ఉండగా కింద కార్లు తిప్పడం అవివేకం. కిలోన్నర బరువున్న కాయ నలభై అడుగుల ఎత్తు నుంచి పడితే కారుకేమవుతుందో లెక్క కట్టాను. కారు నడిపేవారికేమవుతుందో మా ఆవిడ లెక్క కట్టింది. దింపు జూన్ 11 శుక్రవారం. పందెం జూన్ 13 ఆదివారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు. మాస్టారికి ఉదయం ప్రార్థన, మధ్యాహ్నం భోజనం, ఆపైన నిద్ర ఉంటాయి. వాటిలో దేన్నీ వదులుకోవడానికి ఆయన ఇష్టపడలేదు.

ఆ నెలరోజులూ మేం ముగ్గురం చేసిన పని, ప్రభుత్వం చేసి ఉంటే మూడేళ్ళు పట్టేది. ఎండిన బోదెలోని పూడికమట్టి తెచ్చి గట్లు పోశాం. దిమ్మిసతో కొట్టి అడుగు గట్టిపరిచాం. మలుపుల దగ్గర గట్టు లోపలివైపు కొబ్బరి డొక్కలు పాతాం. కారు వచ్చి గుద్దుకున్నా దెబ్బ తగలదు. దుమ్ము లేవకుండా కళ్ళం అలికినట్టు పేడతో అలకాలని బావమరిది సలహా ఇచ్చి, తన పశువుల శాల నుంచి నాలుగు తట్టల పేడ పంపించాడు. తాను మాత్రం ఆ రోజు రాలేదు.

అలకడం రాదని మా ఆవిడను అడిగాం. "నేను పందెంలో అవతలి పక్షం కదండీ," అంది. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

ముప్పై ఐదేళ్ళు పిల్లలకు పరిశుభ్రత బోధించిన మాస్టారు, పంచె ఎగగట్టి, చీపురుతో పేడనీళ్ళు చల్లారు. మొదటి చల్లు నా చొక్కా మీద పడింది.

"మాస్టారూ, చీపురు అడ్డంగా కాదండి, వాలుగా పట్టుకోవాలి," అంది మా ఆవిడ వరండాలోంచి.

"ఆయ్. అలాగేనండి."

"మీ ఆవిడగారు చూస్తున్నారండి, గోడ మీంచి," అన్నాను నేను.

మాస్టారు తల ఎత్తలేదు. "చూడనివ్వండి. ముప్పై ఐదేళ్ళు నన్ను హెడ్‌మాస్టరనుకుంది. నిజం తెలియాలి కదండీ."

మే నెలాఖరుకు బాట సిద్ధమైంది. నా ఎర్రకారు సాధనలో ఒకసారి ఇరవై ఎనిమిది చుట్లు, రెండుసార్లు ఇరవై తొమ్మిది తిరిగింది. మూడింటిలో ఒక్కసారీ పాతికకు తగ్గలేదు. అంకెలు నా పక్షాన ఉన్నాయి. వరండాలో కూర్చుని చింతగింజలు పళ్ళెంలో వేస్తూ లెక్క పెట్టడం ఆవిడా సాధన చేసింది. ఇరవై తొమ్మిది వచ్చిన రోజున గింజలన్నీ డబ్బాలోకి వంపి లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి గూట్లోని మూట తీసి చూసుకుంటూ ఉండగా నేను చూశాను. చూసినట్టు తెలియనివ్వలేదు.

జూన్ 12 శనివారం సాయంత్రం వాన పడింది. నా వానకొలత డబ్బాలో పదకొండు మిల్లీమీటర్లు. బాటలోని నీరంతా వాలు ప్రకారం రెండు పక్కల నుంచీ నైరుతి మూలకు చేరి నిలిచింది. నేను వెళ్ళి డొక్క బిరడా తీసేశాను. ఆరు నిమిషాల్లో నీరు బోదెలోకి పోయింది. బాట బాగా ఆరేదాకా గొట్టం తెరిచే ఉంచడం మంచిదని బిరడాను కంచెకు వేలాడదీశాను.

ఆదివారం ఉదయం ఉప్మా పెడుతూ మా ఆవిడ అంది: "లాకుల దగ్గర లస్కరు భార్య కనపడిందండి. పైన కాలవ వదిలేసేరంట. సాయంత్రానికల్లా ఇటు వచ్చేస్తదంట."

లస్కరు అంటే కాలువ కాపలా చూసే మనిషి. నేను ఆ వారంలోనే వచ్చిన పేపరు తెచ్చి, అందులో కాలువలకు నీరు వదిలే తేదీ పడినచోట వేలు పెట్టి చూపించాను. ఆ తేదీకి ఇంకా ఐదు రోజులు ఉంది.

"మరి ఆవిడ అలా చెప్పిందే?"

"ఆవిడ భర్త లస్కరు. ఇది అధికారిక ప్రకటన. నేను ముప్పై నాలుగేళ్ళు ఆ శాఖలో పనిచేశాను. ప్రకటించిన తేదీ కంటే ముందు నీరు వదలడం నేను ఎరగను. ఆలస్యంగా వదలడం మాత్రమే ఎరుగుదును."

"సరేనండి," అంది. ఇంకా కొంచెం ఉప్మా వేసింది.

సాయంత్రం నాలుగింటికి అందరం చేరాం. ఆకాశం మూసుకుని ఉంది. ముప్పై రెండు డిగ్రీలు. పడమటి గాలి స్వల్పంగా ఉంది. బయలుదేరే గీత మా ఆవిడే ముగ్గుపిండితో వేసింది. అవతలి పక్షమైనా గీత వంకరగా ఉంటే ఆవిడకు నచ్చదు. మాస్టారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. బావమరిది కొత్తబండికి చేసినట్టే కొబ్బరికాయ కొట్టి, మూడు కార్ల ముందూ నిమ్మకాయలు పెట్టాడు. నా కారు నిమ్మకాయను ఢీకొని వెనక్కు వచ్చింది. కారు అడుగు ఎత్తు సెంటీమీటరు. నిమ్మకాయ ఎత్తు నాలుగు. చివరకు నిమ్మకాయ కోయించి, ఒక్కొక్క చక్రం కింద ఒక్కొక్క గింజ పెట్టించాను. శాస్త్రం నెరవేరింది.

నాలుగూ ఇరవైకి కార్లు కదిలాయి.

బావమరిది మొదటి నుంచీ వేగం మీదే ఉన్నాడు. తొమ్మిదో చుట్టు దాటగానే అతని నీలికారు మలుపులో గట్టెక్కి, రెండు డొక్కల మధ్య తలకిందులుగా ఇరుక్కుంది. చక్రాలు తిరుగుతున్నాయి, కారు తిరగడం లేదు.

"వాస్తు అండి," అన్నాడు.

పదిహేడో చుట్టు పూర్తయ్యాక మాస్టారి పసుపుకారు నెమ్మదించి, దగ్గినట్టు రెండుసార్లు కదిలి ఆగిపోయింది. నేను ఆయన వైపు చూశాను.

"పొద్దున్న ప్రార్థనకి వెళ్ళే ముందు ఒక పదిసార్లు తిప్పేనండి," అన్నారు. "మళ్ళీ చార్జింగు పెట్టడం మర్చిపోయేను."

ఇక మిగిలింది నా ఎర్రకారు ఒక్కటే. పద్దెనిమిది. పంతొమ్మిది. నేను కారు మీది నుంచి చూపు తిప్పలేదు. పళ్ళెంలో గింజ పడిన చప్పుడు చుట్టుచుట్టుకూ వినిపిస్తోంది. ఇరవై. మా ఆవిడ కుర్చీ లోంచి లేచి నిలబడింది. ఇరవై ఒకటి. గింజ పళ్ళెంలో పడిన తరవాత కూడా ఆవిడ వేళ్ళు పళ్ళెం మీదే ఉండిపోయాయి. ఇరవై రెండు. ఎదురుగాలి లేదు, బ్యాటరీలో ఇంకా ఐదు నిమిషాల ప్రాణం ఉంది. ఇరవై మూడు.

"ఏవండీ," అన్నారు మాస్టారు, "ఆ మూల నేల మెరుస్తోందేంటండి?"

"పేడ అలుకు. ఆరితే మెరుస్తుంది."

"ఆరితే మెరుస్తదాండి?"

కారు ఇరవై నాలుగో చుట్టులో నైరుతి మూల కొబ్బరిచెట్టు వెనక్కు వెళ్ళింది. బయటకు రావడానికి మామూలుగా మూడు సెకన్లు పడుతుంది. మూడు అయ్యాయి. నాలుగు, ఐదు అయ్యాయి. ఆరో సెకనుకు కారు చెట్టు పక్క నుంచి కనిపించింది, కానీ అది నడవడం లేదు. తేలుతోంది. మెల్లగా పక్కకు తిరిగి, అమలాపురం దిశగా ముఖం పెట్టి నిలిచింది.

మేం నలుగురం మూలకు వెళ్ళాం. బోదె నిండుగా ఉంది. కాలువ వచ్చింది. తెరిచి ఉంచిన నా గొట్టం గుండా నీరు బోదె నుంచి బాటలోకి ప్రశాంతంగా, ఎర్రగా, ఒక్క బుడగ కూడా లేకుండా ప్రవేశిస్తోంది. నా గొట్టం సరైన చోట, సరైన వాలులో ఉంది. తేడా అల్లా, నీరు ఏ వైపు నుంచి రావాలో నేను అనుకున్నదానికి ఎదురు దిశలో వచ్చింది. బిరడా కంచెకు వేలాడుతోంది.

"ఇది లెక్కలోకి రాదు," అన్నాను. "ప్రకృతి వైపరీత్యం."

"ప్రకృతి కాదండీ," అంది మా ఆవిడ, "ఇరిగేషన్ డిపార్ట్‌మెంటు."

బావమరిది కంచె పట్టుకుని కూర్చుండిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కొలవడానికి సాధనం లేదు. మాస్టారు ముఖం అటు తిప్పుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ప్రకటించిన తేదీ ఇంకా ఐదు రోజులుంది," అన్నాను.

"పొద్దున్నే చెప్పేను. పేపరు చూపించేరు."

"అది అధికారికం."

"నీళ్ళకి పేపరు చదవడం రాదండీ," అంది. ఆవిడ పళ్ళెం తెచ్చి నా ముందు గింజలు లెక్కపెట్టింది. ఇరవై మూడు. నేను వేరుగా గీతలు పెట్టుకున్నాను. అవీ ఇరవై మూడే. లెక్కలో తేడా ఉంటే వాదించేవాణ్ణి. లేదు. ఒప్పందం ఒప్పందమే. వంగి కారును తీసి నీరు వంపాను.

మర్నాడు, జూన్ 14 సోమవారం, ఉదయం ఆరున్నరకు ఆవిడ దేవుడి గూట్లోంచి మూట తీసింది. బాటకు లోపలివైపున, గట్టు పక్కనే ఎనిమిది పాదులు చేయించింది: ఐదు ఆనప, మూడు బీర. తవ్వింది మే నెలలో వచ్చిన మనిషే. "ఇప్పుడు నీరొస్తదాండి?" అని నన్ను అడిగాడు. "వస్తుంది," అన్నాను. "ఆయ్," అన్నాడు. ఈసారి అది అంగీకారమే.

విత్తనాలు పెట్టాక ఆవిడ నూతి దగ్గరున్న బయలుదేరే గీత మీద బిందెలతో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. నీరు గీత దగ్గర రెండుగా చీలింది. ఒక పాయ తూర్పు గట్టు వెంట, ఒక పాయ ఉత్తరపు గట్టు వెంట బయలుదేరాయి. ప్రతి పాదు పక్క నుంచీ వెళ్ళాయి. ఎక్కడా నిలవలేదు, ఎక్కడా గట్టు కోయలేదు. నేను గడియారం చూస్తూ నైరుతి మూల నిలబడ్డాను. రెండు పాయలూ నాలుగు సెకన్ల తేడాతో అక్కడికి చేరాయి. ముప్పై నాలుగేళ్ళలో నేను గీసిన ఏ కాలువలోనూ నీరు నా నక్షాకు అంత విధేయంగా నడవలేదు. మిగులు నీరు గొట్టం గుండా బోదెలోకి పోయింది. బిరడా ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో ఆ తరవాత మా ఆవిడే చూసుకుంది. లస్కరు భార్యను అడిగి చూసుకుంది.

"గవర్నమెంటుకీ ఇలాగే కట్టేరా?" అంది ఆ వేళ.

"ఇంత బాగా కట్టలేదు," అన్నాను.

ఆవిడ నవ్వింది. నెల పైబడి ఆవకాయ, అనుమానం కలిసి నడిచిన ఇంట్లో అది మొదటి నవ్వు.

కారును మూడు రోజులు ఎండబెట్టాను. నాలుగో రోజున కదిలింది, ఎడమవైపుకు మాత్రమే. ఎడమవైపు తిరిగే కారుకు గుండ్రటి బాట చాలు కనుక, నూతి గట్టు మీద కొన్నాళ్ళు తిప్పి మానేశాను. బావమరిది నీలికారును తన దుకాణంలో కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. మాస్టారు పసుపుకారును నిజంగానే బడిలో ఒక పిల్లవాడికి బహుమతిగా ఇచ్చారు. దుకాణంవాడితో ఆడిన అబద్ధం అలా సర్దుకుంది.

శ్రావణమాసంలో తీగలు కొబ్బరిచెట్ల మధ్య పందిరెక్కాయి. పూత వచ్చినప్పుడు ఆవిడ రోజుకు రెండుసార్లు పందిరి కింద నిలబడి పైకి చూసేది. బదిలీ కాయితం తెచ్చే ప్యూను ఎవరైనా వస్తాడేమోనన్నట్టు ఒకటి రెండుసార్లు వీధి వైపు కూడా చూసింది. ఎవరూ రాలేదు. మొదటి కాయ కోసిన రోజున ఆవిడ దానిని రెండు చేతులతో తెచ్చి, నా తక్కెడలో పెట్టి, ఎంతుందో చెప్పమంది. రెండు కిలోల మూడువందల గ్రాములు. "సరిగ్గా చూడండి," అంది. మళ్ళీ తూచాను. అంతే. అది మా ఇంట్లో వండలేదు. ముక్కలు చేసి మాస్టారింటికీ, బావమరిది ఇంటికీ, లస్కరు ఇంటికీ పంపింది. రెండో కాయ మేం తిన్నాం.

2004 డిసెంబరు 31 నాటికి చివరి లెక్క: పందెంలో కారు తిరిగిన చుట్లు ఇరవై మూడు, ఆనపకాయలు అరవై ఎనిమిది.